వాలు నేలలో మట్టి నిలవాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధను చెప్పాయి. వాలు మీద ఉన్న నేల, వాన పడ్డప్పుడల్లా బురదగా పారే నీరు, ఏడాదికేడాది పలచబడుతున్న పైమట్టి. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాను. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, ఉత్తరాలను కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: మట్టి కొట్టుకుపోకుండా ఉంటుందన్న ఉద్దేశంతో మా వాలు భూమిలో ఎనిమిదేళ్ల కిందట టేకు మొక్కలు దగ్గర దగ్గరగా నాటించాను. చెట్లు ఏపుగా ఎదిగాయి. అయితే ఇప్పుడు మొదళ్ల దగ్గర వేళ్లు బయటపడుతున్నాయి. వానకు దిగువకు పోయే మట్టి కూడా తగ్గినట్టు లేదు. చెట్లుంటే నేల కోత ఆగుతుందన్నది నిజం కాదా?

జవాబు: చెట్లున్నంత మాత్రాన ఆగదండీ. మీరు గమనించినది సరైనదే, అలా గమనించి రాసినందుకు సంతోషం. నేలను కాపాడేది చెట్టు ఎత్తు కాదు, నేలను అంటిపెట్టుకుని ఉన్న పచ్చదనమూ, దాని మీద పరుచుకున్న ఎండుటాకూ. ఈ మాట అర్థం కావాలంటే వాన చినుకు నేల మీద ఏం చేస్తుందో చూడాలి. సుమారు 5 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో నేలను కొడుతుంది. ఆ దెబ్బకు బోసి నేల మీది మట్టి రేణువులు 60 సెంటీమీటర్ల ఎత్తు వరకు, మీటరున్నర దూరం వరకు చిందుతాయి. చదును నేలలో అన్ని వైపులకూ సమానంగా చిందే ఆ మట్టి, వాలులో మాత్రం దిగువకే ఎక్కువగా చేరుతుంది. అంతటితో అయిపోదు. చెదిరిన సన్నని రేణువులు నేలలోని సందులను పూడ్చి పైన ఒక పెచ్చు కట్టడంతో, ఇంకవలసిన నీరు ఇంకకుండా పారడం మొదలుపెడుతుంది. పారే నీటికి మోయడానికి చెదిరిన మట్టి సిద్ధంగా ఉంటుంది. నేల కోత అనేది వాగులోనో గండిలోనో మొదలయ్యే విషయం కాదు, చినుకు పడిన చోటే మొదలవుతుంది.

ఇక మీ టేకు సంగతి. కొమ్మలు ఎనిమిది, తొమ్మిది మీటర్ల ఎత్తుకు చేరాక, ఆకు అంచు నుంచి జారిన చుక్క నేలను చేరేలోపు మళ్లీ దాదాపు పూర్తి వేగాన్ని అందుకుంటుంది. పైగా టేకు ఆకు వెడల్పాటిది కనుక దాని మీద పడిన చిన్న చినుకులన్నీ కలిసి పెద్ద చుక్కలుగా రాలతాయి. దగ్గర దగ్గరగా నాటడం వల్ల నీడ పెరిగి కింద గడ్డీ గాదమూ చచ్చిపోయాయి. రాలిన ఆకును మీరు ఊడ్పించి తగలబెట్టిస్తున్నారో, లేక వేసవి మంటల్లో అదే కాలిపోతోందో ఉత్తరంలో రాయలేదు గాని, ఈ రెండింటిలో ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి. ఆకు పరుపు ఉన్న టేకు తోటలో వేళ్లు ఇంత త్వరగా బయటపడవు.

ఈసారి వాన వెలిసిన వెంటనే చెట్ల కింద గొంతుకూర్చుని నేలను దగ్గర నుంచి చూడండి. చిన్న గులకరాళ్లు, ఎండుపుల్లలు ఒక్కొక్కటీ సన్నని మట్టి దిమ్మె మీద నిలబెట్టినట్టు కనిపిస్తాయి. ఆ రాయి తన కింద ఉన్న మట్టికి గొడుగు పట్టింది. గొడుగు లేని చుట్టుపక్కల మట్టి లేచిపోయింది. ఆ దిమ్మె ఎత్తు ఎంతో, ఈ మధ్య కాలంలో మీ నేల కోల్పోయిన పొర మందం కనీసం అంత. ఈ గుర్తు చూశాక ఎవరికీ వేరే రుజువు అక్కర్లేదు.

చేయవలసింది చెట్లు కొట్టివేయడం కాదు. ముందుగా ఆకు ఊడ్వడం, కాల్చడం పూర్తిగా మానాలి. బలహీనమైన చెట్లను కొన్ని తీసివేసి కిందికి వెలుతురు పడనివ్వాలి. తీసిన కొమ్మలను వాలుకు అడ్డంగా, నేలను ఆనుకునేలా పరచాలి. ఆ వెలుతురులో దానంతట అది మొలిచే గడ్డినీ పొదలనూ పీకించవద్దు. తొలి రెండేళ్లు పశువులను తోలవద్దు. వాల్టర్ విష్‌మయర్, డ్వైట్ స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో వేలకొద్దీ ప్రయోగ మడుల కొలతల నుంచి నేల నష్టాన్ని లెక్కగట్టే సూత్రం ఒకటి తయారుచేశారు. అందులో దున్ని బోసిగా వదిలిన నేల నష్టాన్ని 1 అనుకుంటే, దట్టంగా గడ్డి కమ్మిన నేలకు వచ్చే విలువ నూరో వంతుకన్నా తక్కువ. వాన మారలేదు, వాలు మారలేదు, మట్టి మారలేదు, మారింది కప్పు ఒక్కటే.

ప్రశ్న: వట్టివేరు నాటితే మట్టి ఆగుతుందని విన్నాం. ఎలా నాటాలి, ఎంత ఎడంలో నాటాలి? వాలుకు సరిగ్గా అడ్డంగా గీత గీయడం మాకు కుదరడం లేదు, దానికి ఏమైనా పరికరం కావాలా?

జవాబు: ఈ శీర్షికకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

వట్టివేరు మన దేశపు గడ్డే. కర్ణాటకలోని గుండ్లుపేట ప్రాంతపు రైతులు చాలా కాలంగా దానిని పొలం సరిహద్దులకు నాటుకుంటూ వచ్చారు. 1950ల్లో ఫిజీ దీవుల చెరకు తోటల్లో మట్టిని ఆపడానికి దీనిని వాడిన జాన్ గ్రీన్‌ఫీల్డ్, 1980ల్లో ప్రపంచ బ్యాంకు తరఫున భారతదేశంలో పనిచేసిన రిచర్డ్ గ్రిమ్‌షాతో కలిసి ఈ పద్ధతిని ఎన్నో దేశాలకు పరిచయం చేశారు. ఈ గడ్డికి ఉన్న ప్రత్యేకత దాని వేరు. మామూలు గడ్డి వేళ్లు పక్కలకు పాకితే, వట్టివేరు నిలువునా దిగుతుంది. అనువైన నేలలో 3 నుంచి 4 మీటర్ల లోతుకు వెళుతుంది. వేరు తెగే బలాన్ని కొలిస్తే సగటున 75 మెగాపాస్కళ్లు వచ్చింది, అంటే మామూలు ఉక్కు బలంలో సుమారు ఆరో వంతు. నేల పైన గట్టి కాడలు ఒకదానికొకటి ఒరుసుకుంటూ నిలబడి నీటిని ఆపకుండా వడకడతాయి. నీరు వేగం తగ్గి సన్నగా జాలువారి దిగువకు పోతుంది, మోసుకొచ్చిన మట్టి మాత్రం ఎగువనే దిగిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ మెట్టు లాంటి చదును దానంతట అదే ఏర్పడుతుంది. మట్టి పేరుకుంటున్నకొద్దీ గడ్డి కొత్త కణుపుల నుంచి వేళ్లు వేసి పైకి లేస్తుంది.

పరికరం విషయానికొస్తే, మీరే చేసుకోవచ్చు. రెండు మీటర్ల పొడవున్న రెండు కర్రలను పై కొసల దగ్గర బిగించి కట్టి, కాళ్లను మీటరున్నర ఎడంగా చాపి, మధ్యలో ఒక అడ్డకర్ర కట్టండి. పై ముడి నుంచి చిన్న రాయి కట్టిన దారాన్ని అడ్డకర్ర కిందికి వచ్చేలా వేలాడదీయండి. ఇప్పుడు నేలలో రెండు మేకులు కొట్టి, వాటి మీద రెండు కాళ్లూ ఆనించి, దారం అడ్డకర్రను ఎక్కడ తాకుతోందో గుర్తు పెట్టండి. తరువాత కాళ్లను తారుమారు చేసి, అంటే ఎడమ కాలు ఉన్న మేకు మీద కుడి కాలు ఉంచి, మళ్లీ గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తులకు సరిగ్గా మధ్యన గీసే గీతే మీ తూకం. ఇక పొలంలో ఒక కాలు కదలకుండా ఉంచి, దారం ఆ నడిమి గీత మీదికి వచ్చేదాకా రెండో కాలిని ఎగువకో దిగువకో జరపాలి. అక్కడ మేకు కొట్టి, ఆ కాలిని ఇరుసుగా చేసుకుని ముందుకు తిరగాలి. ఇలా పొలం ఆ చివరి దాకా పోతే, మేకులన్నీ ఒకే మట్టంలో ఉన్న వంకర గీత ఒకటి వస్తుంది. అది వంకరగా ఉందని సరిచేయకండి. కంటికి తిన్నగా కనిపించే గీతలో నీరు ఒక పల్లపు చోటికి చేరి అక్కడ తెంచుకుపోతుంది. గాలి లేని పూట ఈ పని పెట్టుకుంటే దారం ఊగదు.

వరుసకూ వరుసకూ మధ్య దూరాన్ని నేల మీద కాకుండా ఎత్తులో లెక్కపెట్టాలి. ఒక వరుస నుంచి తరువాతి వరుసకు 1 మీటరు ఎత్తు తేడా ఉండేలా చూసుకుంటే, నూటికి 5 వంతుల వాలులో వరుసలు 20 మీటర్లకొకటి, 10 వంతుల వాలులో 10 మీటర్లకొకటి, 20 వంతుల వాలులో 5 మీటర్లకొకటి వస్తాయి. తక్కువ వాలు, మంచి నేల అయితే 2 మీటర్ల ఎత్తు తేడా దాకా పోవచ్చు. దుబ్బును చీల్చి, రెండు మూడు పిలకలు ఉన్న ముక్కలుగా చేసి, ఆకును 20 సెంటీమీటర్ల వద్ద, వేరును 10 సెంటీమీటర్ల వద్ద కత్తిరించి, వానలు నిలకడగా మొదలైన తరువాత 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంలో నాటాలి. 10 సెంటీమీటర్ల లెక్కన 100 మీటర్ల వరుసకు వెయ్యి ముక్కలు కావాలి. ఖర్చు చూసి చాలామంది ఇక్కడే చేయి ముడుచుకుని, అర మీటరుకొక దుబ్బు నాటి సరిపెడతారు. ఇది నేను ఎంతో బాధతో చెప్పే విషయం. దుబ్బుల మధ్య సందు ఉన్న వరుస, వరుస లేకపోవడం కన్నా కీడు చేస్తుంది. ఎందుకంటే విడిగా పలచగా పారవలసిన నీరంతా ఆ సందుల్లోకి కూడి, వేగం పుంజుకుని కోస్తుంది. ప్రవాహ వేగం రెండింతలైతే దాని శక్తి నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి. మొక్కలు తక్కువగా ఉంటే వరుసలు తగ్గించండి గాని, వరుసలో ఎడం పెంచకండి. ఈ ఏడు పై వరుస ఒక్కటి దట్టంగా నాటి, వచ్చే ఏడు దాని దుబ్బులనే చీల్చి కింది వరుస నాటుకోవచ్చు.

తొలి ఏడు చచ్చిన మొక్కల స్థానంలో వెంటనే కొత్తవి పెట్టాలి. కంచె మూసుకోవడానికి నీటి వసతిని బట్టి ఒకటి నుంచి మూడేళ్లు పడుతుంది. తరువాత ఏడాదికి రెండు మూడుసార్లు 30 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో కోస్తే పిలకలు చిక్కబడతాయి. కోసిన గడ్డిని సాళ్ల మధ్య పరచవచ్చు. నీడలో ఇది బతకదు కనుక చెట్ల కింద ఆశ పెట్టుకోవద్దు. గింజ మొలకెత్తని దక్షిణాది రకాన్నే నాటండి. ఉత్తరాది రకం గింజ ద్వారా వ్యాపించగలదు. ఇంకొక సంగతి. వేళ్లకు గిరాకీ ఉంది కదా అని వాలు మీది వరుసను తవ్వితే, అన్నేళ్లు కూడిన మట్టి ఒక్క వానకు పోతుంది. వేళ్ల కోసం సాగు చేయదలిస్తే చదును నేలలో వేరుగా చేయండి.

ప్రశ్న: మట్టి గట్లు, రాతి కట్టలు మంచివా, మొక్కల వరుసలు మంచివా?

జవాబు: రాయి దగ్గరలో దొరికే చోట రాతి కట్ట మంచిదే. ఒట్టి మట్టి గట్టు విషయంలోనే నాకు అనుమానం. గట్టు పని నీటిని నిలబెట్టడం కనుక, దాని లెక్కకు మించిన వాన పడిన రోజున ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగినచోట నిలిచిన నీరంతా ఒక్కసారిగా దూకుతుంది. 50 మిల్లీమీటర్ల వాన పడితే ఒక ఎకరం మీద పడే నీరు 2 లక్షల లీటర్లు. మొక్కల వరుస దానిని నిలబెట్టదు, నెమ్మదిపరిచి వదులుతుంది. ఇప్పటికే గట్లున్న వారు వాటిని చెరపనక్కర్లేదు, గట్టు ఎగువ అంచున గడ్డి వరుస నాటితే రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. మొక్కలు కొనలేని వారికి ఒక తేలిక మార్గం ఉంది. ఫిలిప్పీన్స్‌లోని క్లావేరియా ప్రాంతపు రైతులు మట్టపు గీతల వెంట అర మీటరు వెడల్పు నేలను దున్నకుండా వదిలేశారు. అక్కడ దానంతట అది పెరిగిన గడ్డి పట్టీలే కొద్ది కాలానికి కంచెలయ్యాయి. ఇందులో ఖర్చు దాదాపు లేదు, దున్నేవాడికి ఆ పట్టీ దగ్గర నాగలి ఎత్తే ఓపిక ఉంటే చాలు.

ప్రశ్న: మాకున్న భూమే తక్కువ. అందులో మొక్కల వరుసలకు కొంత వదిలేస్తే పంట తగ్గదా? ఆ మొక్కల వేళ్లు పంట నీటిని లాగేసుకోవా? ఆడవాళ్లం ఇద్దరమే పని చూసుకుంటాం, కత్తిరింపులకు తీరిక ఉంటుందో లేదో.

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలోని మూడు భయాలకూ ఆధారం ఉంది, అందుకే వాటిని తోసిపుచ్చను. వరుసను ఆనుకుని ఉన్న ఒకటి రెండు సాళ్లలో పంట కొంత తగ్గుతుంది. వేరు, నీడ రెండూ అందుకు కారణాలే. పైగా చాలామంది చెప్పని సంగతి మరొకటి ఉంది. రెండు వరుసల మధ్య పట్టీలో మట్టి పై అంచు నుంచి కింది అంచుకు కదులుతుంది కనుక, ప్రతి వరుసకు వెంటనే దిగువన ఉన్న నేల కొన్నేళ్ల పాటు పలచబడి పైరు గిడసబారుతుంది, ప్రతి వరుసకు వెంటనే ఎగువన ఏపుగా ఉంటుంది. ఇది చూసి వరుస వల్ల నష్టం వచ్చిందనుకుని కొందరు పీకేస్తారు. పీకవద్దు. కత్తిరించిన రొట్టనూ, ఉన్న పశువుల ఎరువునూ ఆ పలచబడిన మేరకే ఎక్కువగా వేస్తే అది సర్దుకుంటుంది.

మీవంటి చిన్న కమతాలకోసమే ఫిలిప్పీన్స్‌లోని మిండనావో దీవిలో 1970ల్లో ఒక పద్ధతి రూపుదిద్దుకుంది. దానికి కృషిచేసిన హెరాల్డ్ వాట్సన్‌కు 1985లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అందులో మట్టపు గీతల వెంట అర మీటరు ఎడంతో రెండేసి వరుసల్లో నత్రజనిని స్థిరీకరించే పప్పుజాతి మొక్కలను చిక్కగా విత్తుతారు. ఇటువంటి జంట వరుసలు నాలుగైదు మీటర్లకొకటి వస్తాయి. వాటి మధ్య పట్టీల్లో కొన్నిటిలో ఏటేటా వేసే పంటలు, కొన్నిటిలో పండ్ల చెట్లు ఉంటాయి. కంచె మొక్కలను ఎప్పటికప్పుడు కత్తిరించి ఆ రొట్టను పంట మొదళ్లలో పరుస్తారు. ఈ లెక్కన వదిలిన భూమి ఊరికే పోదు, పచ్చిరొట్టగానో పశుగ్రాసంగానో తిరిగి వస్తుంది. ఆ పద్ధతికి తొలి రోజుల్లో సుబాబుల్ ఆధారం. 1980ల నడుమ సుబాబుల్‌ను పీల్చే ఒక చిన్న పురుగు ఆ దేశమంతటా వ్యాపించి, ఒక్క సుబాబుల్ మీదే ఆధారపడిన కంచెలను దెబ్బతీసింది. అప్పటి నుంచి గ్లైరిసీడియా, ఫ్లెమింజియా వంటివి కలిపి నాటడం మొదలుపెట్టారు. మీరు కూడా ఏ ఒక్క మొక్కనూ పూర్తిగా నమ్ముకోకండి.

తీరిక మాటకు వస్తే, నిజాయితీగా చెప్పాలి. గ్లైరిసీడియా కంచె తడి కాలంలో నెల, నెలన్నరకొకసారి కత్తిరింపు కోరుతుంది, వదిలేస్తే చెట్టై పంటకు నీడ పట్టి, మొదళ్ల దగ్గర ఖాళీలు చేస్తుంది. మీ ఇద్దరికీ అది భారమనిపిస్తే గడ్డి వరుసలే వేసుకోండి, ఏడాదికి రెండు మూడు కోతలతో సరిపోతుంది. పశువులుంటే ఆ కోత పనే మేత పని అవుతుంది. ఏ వరుస వేసినా దున్నడం, విత్తడం వాలుకు అడ్డంగానే జరగాలి. పంట సాళ్ల మధ్య అలసంద, ఉలవ, పిల్లిపెసర వంటి పాకే పంటను జోడించండి. కోతల తరువాత మోళ్లను దున్నకుండా నేల మీదే వదలండి. నేలలో నూటికి 30 వంతులు చెత్తతో కప్పి ఉన్నా నేల కోత సగానికి పైగా తగ్గుతుంది. కష్టం తక్కువ, ఫలం ఎక్కువ ఉన్న పని ఇదే.

ప్రశ్న: త్వరగా అల్లుకుని వాలునంతా కమ్మేసే తీగ ఏదైనా ఉంటే చెప్పండి. నీళ్లు పోయకపోయినా బతకాలి, పశువులు తినకూడదు.

జవాబు: మీరు కోరిన లక్షణాలన్నీ ఉన్న మొక్కను వదిలిపెట్టాక ఆపడం ఎవరివల్లా కాదు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శన ద్వారా జపాన్ నుంచి అమెరికాకు చేరిన కుడ్జు తీగను 1930ల్లో అక్కడి ప్రభుత్వమే నేల కోతకు మందుగా ఎంచుకుని, కోట్ల మొక్కలు పంచి, నాటిన రైతులకు డబ్బు కూడా ఇచ్చింది. తీగ మట్టిని ఆపింది, కాని అంతటితో ఆగలేదు. తోటలను, అడవులను, స్తంభాలను, పాడుబడ్డ ఇళ్లను కమ్మేసింది. 1953 నాటికి దానిని సిఫారసు జాబితా నుంచి తొలగించవలసి వచ్చింది. మనకు సర్కారు తుమ్మ, లాంటానా అనుభవాలు ఉండనే ఉన్నాయి. కనుక వాలుకు మొక్కను ఎంచేటప్పుడు అది ఎంత వేగంగా పాకుతుందన్నదాని కంటే, ఉంచిన చోట ఉంటుందా లేదా అన్నది ముందు చూడండి. మీ వాలు మీద ఇప్పటికే, ఎవరూ నాటకుండా, ఎండకు తట్టుకుని నిలిచిన గడ్డి ఏదో ఒకటి ఉంటుంది. గరికే కావచ్చు. దానిని మించిన ఎంపిక తరచుగా దొరకదు. పశువులు తినకూడదన్న కోరికను కూడా మరోసారి ఆలోచించండి. తినే గడ్డి అయితే కోసి పెట్టుకోవచ్చు, మేపడం మాత్రం ఆపాలి. నేల కోతకు పశువు నోటికన్నా గిట్టే ఎక్కువ హాని చేస్తుంది.

ప్రశ్న: ఇంటి వెనుక కొండను నిలువునా చెక్కిన గోడ ఉంది. ప్రతి వానకూ కొంత మట్టి జారుతోంది. చెట్లు నాటితే ఆగుతుందా?

జవాబు: ముందు ఒక హెచ్చరిక. చెక్కిన చోటుకు పైన నేలలో వంపు తిరిగిన పగుళ్లు కనిపిస్తే, నిటారుగా ఉన్న చెట్లు ఒరుగుతుంటే, ఇంతకుముందు లేని ఊట పుట్టి బురదగా కారుతుంటే, అది మొక్కలతో ఆగే విషయం కాదు. వేళ్లు పట్టి ఉంచగలిగేది సాధారణంగా పైన ఒకటి రెండు మీటర్ల పొరను. అంతకన్నా లోతున నేల కదులుతుంటే చెట్లతో సహా జారుతుంది. అటువంటి గుర్తులుంటే గట్టి వాన కాలంలో ఆ ఇంట్లో పడుకోవద్దు, నేల విషయం తెలిసిన ఇంజనీరుకు చూపించండి.

ఆ గుర్తులేవీ లేకుండా పైమట్టి మాత్రమే రాలుతుంటే, మొదటి పని మొక్క కాదు, నీరు. వాలు పై అంచుకు ఎగువన ఒక కాలువ తీసి, పై నుంచి వచ్చే నీటిని పక్కకు మళ్లించండి. అడుగు భాగాన్ని ఇంకా చెక్కకండి. వీలైతే నిలువును తగ్గించి వాలుగా కోయండి, నిటారు గోడ మీద ఏ విత్తనమూ నిలవదు. తరువాత కొబ్బరి పీచు వలను పరచి మేకులతో బిగించి దాని సందుల్లో గడ్డి పిలకలు నాటండి. వల రెండు మూడేళ్లలో కుళ్లిపోయేలోపు గడ్డి నేలను పట్టుకుంటుంది. వావిలి, గ్లైరిసీడియా వంటి, కొమ్మ పాతితే చిగురించే మొక్కల ముదురు కొమ్మలను వాలులోకి లోతుగా దిగగొడితే, అవి మొదటి రోజు మేకుల్లా, కొన్ని నెలలకు వేళ్లతో పనిచేస్తాయి. అంచు మీద పెద్ద చెట్లను నాటవద్దు. గాలికి ఊగిన చెట్టు అంచును పెకలిస్తుంది. ఉన్న చెట్లను ఒక్కసారిగా నరకవద్దు. నరికిన చెట్టు వేళ్లు వెంటనే బలం కోల్పోవు, కొన్నేళ్లకు కుళ్లుతాయి. చెట్లు కొట్టిన చాలా కాలానికి కొండ జారిందని ఆశ్చర్యపోయే వారికి కారణం అదే.

ప్రశ్న: పొలం మధ్యలో వాన నీరు కోసిన గండి ఏటా ఎగువకు జరుగుతోంది. అందులో ఏం నాటాలి?

జవాబు: గండి ఎగువకు జరగడానికి కారణం దాని తల దగ్గర దూకే నీరు. ఆ నీటిని ఎగువనే గడ్డి వరుసలతో నెమ్మదిపరిచి పక్కలకు పరచకుండా గండిలో ఎన్ని మొక్కలు పెట్టినా వానకు లేచిపోతాయి. తల సర్దుకున్నాక, గండి అడుగున కొమ్మలు, ముళ్లకంపతో అడ్డుకట్టలు కట్టి, వాటి వెనుక నిలిచిన మట్టిలో వట్టివేరు గాని వావిలి గాని నాటండి. పక్కల మీద కిత్తనార, అంచుల వెంట వెదురు నప్పుతాయి. ప్రతి అడ్డుకట్టకూ మధ్య భాగం చివరలకన్నా కిందికి ఉండాలి. అది మరిచిపోతే నీరు కట్టను చుట్టుకుని గట్టును కోస్తుంది.

ప్రశ్న: ఇవన్నీ చేశాక మట్టి నిజంగా ఆగిందో లేదో తెలిసేదెలా?

జవాబు: చాలా అవసరమైన ప్రశ్న. నీరు తేటగా వస్తోందా లేదా అన్నది ఒక గుర్తు, కాని అది వానను బట్టి మారుతుంది. ముప్పై సెంటీమీటర్ల ఇనుప చువ్వలు పది పదిహేను తీసుకుని, వాలు పై నుంచి కింది దాకా, వరుసలకు ఎగువనా దిగువనా నిలువుగా దిగగొట్టి, నేల పైన సరిగ్గా 10 సెంటీమీటర్లు మిగిలేలా ఉంచండి. పశువులు, పిల్లలు తగలకుండా ప్రతి చువ్వ పక్కన ఒక రంగు కర్ర పాతండి. వానాకాలం ముగిశాక చువ్వ ఎంత బయటపడిందో కొలిచి, తేదీతో నోటు పుస్తకంలో రాసుకోండి. తేడా చిన్నదని తీసిపారేయకండి. ఒక్క మిల్లీమీటరు మందం అంటే ఎకరానికి దాదాపు 5 టన్నుల మట్టి. వరుసకు వెంటనే ఎగువన చువ్వ పూడుకుపోతూ, పట్టీ మధ్యలో ఉన్నవి కదలకుండా ఉంటే మీ వరుస పనిచేస్తున్నట్టు. వరుసకు దిగువన ఒకే ఒక చువ్వ మిగతా వాటికన్నా ఎక్కువగా బయటపడితే, దానికి సరిగ్గా ఎదురుగా పైకి నడిచి చూడండి. వరుసలో సందు అక్కడే ఉంటుంది. వానలు పూర్తిగా వెళ్లకముందే, నేలలో పదును ఉండగానే, పక్క దుబ్బును చీల్చి ఆ సందులో పిలకలు నాటండి.